రిటైరయ్యాక ఊరికి అక్కరకొచ్చే పని: వారానికి రెండు పూటల కాగితాల సాయం ఎలా మొదలుపెట్టాలి

నేను బ్యాంకులో 36 ఏళ్లు పనిచేసి 60 నిండగానే రిటైరయ్యాను. ఎక్కువ కాలం కౌంటర్లోనే. నాలుగో నెలలో ఒకరోజు నా పెన్షన్ పని మీద పాత బ్రాంచికి వెళ్తే, బయట మెట్ల మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది. "బాబుగారూ, ఈ కాయితం కాస్త రాసిపెడతారా? ఇందాకట్నుంచీ అడుగుతున్నానండీ, ఎవరికీ తీరిక లేదంట" అంది. అది డబ్బు తీసుకునే ఫారం. రాయడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషం కోసం ఆవిడ పొద్దున బ్యాంకు తెరిచినప్పటి నుంచీ అక్కడే ఉంది. నేను రాసి లేచేలోపు ఇంకో ముగ్గురు పాస్‌బుక్కులు పట్టుకుని వచ్చారు.

ఇది జరిగి ఆరేళ్లు. ఇప్పుడు ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా మా ఊరి శాఖా గ్రంథాలయం వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాను. మాది కోనసీమ. వచ్చేవాళ్లలో కౌలు రైతులు, దింపు కార్మికులు (చెట్టెక్కి కొబ్బరికాయలు దించేవాళ్లు), ఒంటరి ఆడవాళ్లు ఎక్కువ. "నేనూ ఏదైనా చెయ్యాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టమంటావు?" అని నా తోటి రిటైరైనవాళ్లు అడుగుతూ ఉంటారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చినదంతా ఒకచోట రాస్తున్నాను.

మొదటి నెల: ఏమీ చెయ్యకండి, చూడండి

రిటైరైన ఉత్సాహంలో చాలామంది ముందు ఒక ట్రస్టు పెడతారు, పేరు పెడతారు, బ్యానరు కట్టిస్తారు. ఊరికి ఏం కావాలో తర్వాత ఆలోచిస్తారు. మా చుట్టుపక్కల అలా మొదలైనవి ఏడాది తిరక్కుండా ఆగిపోయాయి. అందుకే ఒక నెలపాటు జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని జనం ఎదురుచూసే చోట్లకు వెళ్లి కూర్చోండి. బ్యాంకు, పోస్టాఫీసు, తహశీల్దారు కార్యాలయం, సచివాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, సర్కారు బడి గేటు. ఒక్కో చోట కనీసం రెండు పూటలు.

రాసుకోవాల్సింది ఒకటే: మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడు? "పేదరికం", "చదువు లేకపోవడం" లాంటి పెద్ద మాటలు రాయొద్దు. నా పుస్తకంలో మొదటి వారం రాసినవి ఇలా ఉన్నాయి: 'ఆధార్‌లో సత్యవతి, పాస్‌బుక్కులో సత్తెమ్మ.' 'జెరాక్సు ఎన్ని కావాలో తెలియక రెండుసార్లు తిరిగింది.' 'భర్త పోయి ఏడు నెలలు, ఖాతాలో డబ్బు ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు.' నెల గడిచాక తిరగేస్తే ఒకే రకం ఇబ్బంది పదిసార్లు కనిపిస్తుంది. మీ పని అక్కడ ఉంటుంది.

రెండో అడుగు: మీ చేతికి ఏం వచ్చో చూసుకోండి

మాకు దగ్గర్లోనే లంకల గన్నవరం. డొక్కా సీతమ్మగారు (1841–1909) కాపురం చేసిన ఊరు. ఆవిడ చేసింది తన ఇంట్లో రోజూ చేసే పనే, వంట. వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి పెట్టింది. ఆవిడను తలుచుకున్నప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది: కొత్త విద్య నేర్చుకోనక్కర్లేదు, ఇన్నాళ్లూ చేసిన పనే ఎదుటివాళ్లకు అక్కరకొచ్చేలా చెయ్యాలి.

నర్సుగా చేసినవాళ్లు మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, పక్కపుండ్లు పడకుండా ఎలా తిప్పాలో ఇంట్లోవాళ్లకు నేర్పొచ్చు. లైన్‌మన్‌గా చేసినవాళ్లు బడిలో, అంగన్‌వాడీలో వైరింగు చూసిపెట్టొచ్చు. టీచర్ల సంగతి చెప్పక్కర్లేదు. కదలలేనివాళ్లు, ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్లు తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత పుస్తకాల అచ్చుతప్పులు దిద్దొచ్చు. స్కాన్ చేసిన పేజీ ఒకపక్క, టైపయిన పాఠం ఇంకోపక్క ఉంటాయి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగులోకి, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చలోకి మారుతుంది. రోజుకు రెండు పేజీలు చేసినా అది ఎప్పటికీ నిలిచే పని.

కొన్ని పనులకు వయసు అడ్డు వస్తుంది. రక్తదానం 65 దాటితే కుదరదు, నాకు ఆ గడువు దాటింది. చూపులేని పిల్లలకు పరీక్ష రాసిపెడదామని చాలామంది డిగ్రీలున్నవాళ్లు ముందుకొస్తారు గానీ, అభ్యర్థి తనే సహాయకుణ్ణి తెచ్చుకునే పరీక్షల్లో రాసేవాళ్ల చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండాలన్న నిబంధన ఉంటుంది. మీరు రాయలేకపోవచ్చు. ఏడాది పొడవునా వాళ్ల పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి ఇవ్వడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు.

ఇక్కడి నుంచి నాకు తెలిసిన పని గురించే రాస్తాను: కాగితాలు.

ఎక్కడ కూర్చోవాలి

నేను మొదట రామాలయం అరుగు మీద కూర్చున్నాను. నీడ, గాలి, మంచినీళ్లు అన్నీ ఉన్నాయి. రెండు నెలలైనా మా ఊరి ఎస్సీ పేట నుంచి ఒక్కరూ రాలేదు. ఎందుకు రాలేదో నేను వేరే అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు. తట్టడానికి రెండు నెలలు పట్టినందుకే ఇప్పటికీ బాధ. గ్రంథాలయం వరండాకు మారిన వారంలోనే ఆ పేట నుంచి నలుగురు వచ్చారు. కాబట్టి గుడి, చర్చి, మసీదు, ఏదో ఒక పార్టీ ఆఫీసు, ఒకే కులంవాళ్ల వీధి, ఇవన్నీ పక్కన పెట్టి ఊళ్లో అందరూ జంకు లేకుండా అడుగుపెట్టే చోటు చూసుకోండి. గ్రంథాలయం, పోస్టాఫీసు వరండా, బస్టాండు పక్క చెట్టు కింద అయినా సరే. సంబంధిత అధికారిని ముందే కలిసి ఏం చేయబోతున్నారో చెప్పి అనుమతి అడగండి. బ్యాంకు లోపల మాత్రం కూర్చోకండి. అక్కడ మిమ్మల్ని ఏజెంటు అనుకుంటారు.

రోజులు తక్కువ పెట్టుకోండి, కానీ తప్పకండి. వారానికి ఆరు రోజులు కూర్చుంటానని మొదలుపెట్టి అలిసిపోయేకంటే రెండు పూటలు చాలు. ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి. పెళ్లికో ఆసుపత్రికో వెళ్లాల్సి వస్తే ముందు రోజే బల్ల దగ్గర కాగితం అంటించండి. మన దగ్గరికి రావడానికి ఒకావిడ ఆ రోజు కూలి వదులుకుంటుంది. ఖాళీ బల్ల చూసి వెనక్కి వెళ్తే మళ్లీ రాదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. నాలుగు పెన్నులు, వేలిముద్రకు స్టాంపు ప్యాడు, గమ్ము, గుండుసూదులు, తెల్లకాగితాలు, ఒక భూతద్దం, ఒక లెడ్జరు.

అసలు పని: పాస్‌బుక్కు చదవడం

ఒక శుక్రవారం ఒక దింపు కార్మికుడి భార్య వచ్చింది. కొబ్బరిచెట్టు మీంచి పడి భర్త పోయి నెల కావస్తోంది. చేతిలో చీరల కొట్టు కవరు. అందులో ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రే, రేషను కార్డు, ఆయన పాస్‌బుక్కు. "ఇందులో రెండు వందల ముప్పై ఉన్నాయంటండీ, అవి తీసుకోడానికి కుదురుద్దేమో చూడండి" అంది. పాస్‌బుక్కు మీద నూనె మరక, మధ్య పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో మెల్లగా విడదీసి భూతద్దం పెట్టి చూస్తే మే నెలాఖరులో ఒక వరుస: డెబిట్, 20 రూపాయలు.

ఆ 20 రూపాయలు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. ఆయన ఖాతా తెరిచిన రోజు సంతకం పెట్టి ఉంటాడు, ఇంట్లో చెప్పలేదు, ఆయనకే గుర్తుందో లేదో. క్లెయిము పెట్టాం. మూడో నెలలో డబ్బు ఆవిడ ఖాతాలో పడింది. ఆవిడ వచ్చింది 230 రూపాయల కోసం.

అందుకే చనిపోయినవాళ్ల పాస్‌బుక్కు చేతికి రాగానే చేయాల్సింది వరసగా చెబుతాను.

ముందు బ్యాంకుకు పంపి ఎంట్రీలు పూర్తిగా వేయించండి. పాత ఎంట్రీలతో ఏదీ నిర్ణయించొద్దు.

తర్వాత మే, జూన్ నెలల వరుసలు చూడండి. 436 కనిపిస్తే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి, 55 దాకా కొనసాగుతుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప వర్తించదు. 20 కనిపిస్తే సురక్షా బీమా, 18 నుంచి 70 ఏళ్ల దాకా. ప్రమాదంలో రెండు కళ్లో, రెండు కాళ్లో చేతులో పోయినా 2 లక్షలు, ఒక కన్నో ఒక కాలో చెయ్యో పోతే లక్ష. ఈ రెండు పథకాలూ 2015లో మొదలయ్యాయి. 2022 జూన్‌కు ముందు పేజీల్లో వీటికి 330, 12 అని ఉంటుంది, కంగారుపడొద్దు.

రెండింటికీ బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 దాకా. మనిషి చనిపోయిన తేదీ ఏ ఏడాదిలోకి వస్తుందో, ఆ ఏడాదికి డబ్బు కట్ అయిందో లేదో చూడాలి. ఈ వాక్యం కింద నేను రెండు గీతలు గీస్తాను. కారణం కింద చెబుతాను.

కాగితాల్లో మొదటిది మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఖర్చూ లేదు, తిప్పలూ లేవు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా వెళ్లాలి. ఊళ్లో ఎవరు పోయినా, దినవారాలు పూర్తవగానే ఆ ఇంటికి వెళ్లి ఈ ఒక్క మాట చెప్పి రండి. ప్రమాద మరణమైతే ఇంకో సంగతి ఉంది. రోడ్డు ప్రమాదం, నీళ్లలో మునిగిపోవడం లాంటివైతే పోలీసు కాగితాలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు కావాలి. పాముకాటు, చెట్టు మీంచి పడడం లాంటివైతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు రికార్డు ఉండాలి. దింపు కార్మికుడి భార్య తెచ్చిన కవర్లో ఆ చీటీలు ఉన్నాయి కాబట్టి గట్టెక్కాం. చాలా ఇళ్లలో కర్మలు అయ్యాక మంచం కింద కాగితాలన్నీ కాల్చేస్తారు. అలా చెయ్యొద్దని చెప్పడం కూడా మన పనే.

ఇక ఖాతాలో ఉన్న సొమ్ము. నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, నామినీ గుర్తింపు, క్లెయిము ఫారం చాలు. వారసత్వ ధ్రువపత్రం తెమ్మని తిప్పకూడదు. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో బ్యాంకు తేల్చాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. నామినీ లేకపోతే తహశీల్దారు కార్యాలయం ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి, పని సాగుతుంది. పదేళ్లుగా ఎవరూ కదపని ఖాతాలో డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, అయినా హక్కు పోదు. 2023లో వచ్చిన ఉద్గమ్ వెబ్‌సైటులో పేరు కొట్టి వెతికి, ఆ బ్యాంకులోనే అడగొచ్చు.

ఏ కాగితం ఇచ్చినా రెండో ప్రతి మీద సీలు, తేదీ వేయించుకోమని పంపండి. ఇందులో నా అనుభవం గట్టిగా చెబుతుంది: సీలు పడ్డ కాగితం కదులుతుంది, నోటిమాట కదలదు. 30 రోజులైనా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసి పెట్టొచ్చు. ఖర్చు లేదు. సందేహాలకు 14448.

ప్రతి మే నెలలో నేను ఇంకో పని చేస్తాను. నెల మొదట్లోనే బల్ల మీద పెద్ద అక్షరాలతో ఒక అట్ట పెడతాను: "మే 20 కల్లా ఖాతాలో 456 రూపాయలు ఉంచండి." రెండు ప్రీమియాలూ కలిపితే వచ్చే లెక్క అది. ప్రీమియం కట్ అయ్యే రోజు ఖాతాలో సరిపడా లేకపోతే బీమా ఆగిపోతుంది.

నేను చేసిన తప్పు

రెండో ఏడాది ఒక కుటుంబం వచ్చింది. ఇంటాయన గుండెపోటుతో పోయాడు, 48 ఏళ్లు. పాస్‌బుక్కులో జీవన్ జ్యోతి ప్రీమియం వరుస చూశాను. "అమ్మా, రెండు లక్షలు వస్తాయి, ధైర్యంగా ఉండు" అన్నాను. ఆ ఎంట్రీ అంతకుముందు ఏడాదిది. ఆయన పోయిన ఏడాది మే నెలలో ఖాతాలో 90 రూపాయలే ఉన్నాయి, ప్రీమియం కట్ కాలేదు. క్లెయిము తిరిగొచ్చింది. నా మాట నమ్మి వాళ్లు అప్పటికే కూతురి ఫీజుకు వడ్డీకి తెచ్చారు. నేను వాళ్లింటికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చింది. ఆ రోజు నుంచి "వస్తుంది" అన్న మాట నా బల్ల దగ్గర లేదు. "అడిగి చూద్దాం" అంటాను.

తప్పనిసరిగా పాటించాల్సినవి

ఎవరి డబ్బూ చేత్తో పట్టుకోవద్దు, లెక్కపెట్టి ఇమ్మన్నా సరే. ఏటీఎం పిన్ను, ఫోనుకు వచ్చే ఓటీపీ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్పబోతే ఆపండి. ఇవాళ మీకు చెప్పడం అలవాటైతే రేపు మోసగాడికీ చెబుతారు. ఒరిజినల్ కాగితాలు మీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోవద్దు. తెలియనివాళ్లకు సాక్షి సంతకం పెట్టొద్దు. రాసింది చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించొద్దు. ఎవరింట్లో ఎంత ఉందో ఇంట్లో భార్యకు కూడా చెప్పకూడదు.

డబ్బులు తీసుకోనని బల్ల మీద రాసిపెట్టండి. పని అయ్యాక కొబ్బరికాయలు, అరటిగెల పట్టుకొస్తారు. నేను వాటిని గ్రంథాలయం పక్కనున్న అంగన్‌వాడీకి పంపమంటాను. ఒకసారి తీసుకుంటే, ఏమీ తేలేనివాళ్లు బల్ల దగ్గరికి రావడానికి సిగ్గుపడతారు.

ఎన్నికలప్పుడు జాగ్రత్త. బల్ల పక్కన జెండా కట్టుకుంటామని, ఫొటో తీసుకుంటామని వస్తారు. అందరికీ ఒకే జవాబు చెప్పండి: వద్దు.

మీ వల్ల కానివి ఎవరికి అప్పగించాలి

భూమి తగాదా, గృహహింస, విడాకులు మన బల్ల మీద తేలేవి కావు. మండల, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఫోన్ నంబరు 15100. వాళ్లు పారా లీగల్ వాలంటీర్లను (న్యాయ సహాయం అందేలా జనానికి తోడుండేవాళ్లను) కూడా తీసుకుంటారు. రిటైరైన టీచర్లకు, ఉద్యోగులకు అందులో చోటుంది. శిక్షణ ఇస్తారు, గుర్తింపు కార్డు ఇస్తారు. ఇందులో ఆసక్తి ఉంటే జిల్లా కోర్టు ఆవరణలోని ఆఫీసులో అడగండి.

మీ వయసువాళ్లే ఏడుస్తూ వచ్చే రోజు ఒకటి ఉంటుంది. ఆస్తి రాసిచ్చాక కొడుకు చూడడం లేదని. 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రైబ్యునల్ ఉంది. చూసుకుంటారన్న షరతుతో రాసిన గిఫ్ట్ డీడును రద్దు చేయించే దారీ అందులో ఉంది. 14567 పెద్దల కోసం పెట్టిన ఉచిత నంబరు. వీళ్లను మాత్రం నంబరు ఇచ్చి పంపేయకండి, వెంట వెళ్లండి.

అర్జీ పెట్టి నెలలైనా కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు రాయండి. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండలంలో 5, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఫలానా తేదీన ఇచ్చిన నా అర్జీ ఇప్పుడు ఏ అధికారి దగ్గర ఉంది?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. పది ప్రశ్నలు రాస్తే అసలుది పక్కకు పోతుంది.

మీ తర్వాత

మొదటి ఏడాదే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మా ఊళ్లో డిగ్రీ చదివి పోటీ పరీక్షలకు గ్రంథాలయంలో చదువుకునే ఒక అమ్మాయి ఉంది. శుక్రవారాలు గంటసేపు నా పక్కన కూర్చుని పాస్‌బుక్కులు చదవడం నేర్చుకుంది. ఆధార్‌లో పేరు తేడాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు నాకంటే వేగంగా చేస్తుంది. లెడ్జరులో ప్రతి మనిషికీ ఒక వరుస: పేరు, వచ్చిన తేదీ, ఏ పని, ఏ ఆఫీసుకు వెళ్లింది, మళ్లీ ఎప్పుడు అడగాలి. ఖాతా నంబర్లు, ఆధార్ నంబర్లు అందులో రాయం. పోయిన ఆగస్టులో కంటి ఆపరేషనుకు నేను మూడు వారాలు రాలేకపోతే ఆ అమ్మాయి ఆ లెడ్జరు చూసుకుని నాలుగు క్లెయిములు ముందుకు నడిపింది, ఒకదాంట్లో నేను చూడని 20 రూపాయల ఎంట్రీ పట్టుకుంది.

మొదలుపెట్టేముందు ఒక పని. మీ ఇంట్లో పాస్‌బుక్కులన్నీ తీయండి. నామినీ పేరు ఉందా? చనిపోయినవాళ్ల పేరే ఇంకా ఉందా? 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నేను 36 ఏళ్లు బ్యాంకులో చేసి కూడా, మా అమ్మ పోయిన మూడేళ్ల దాకా నా పాత ఖాతా ఒకదాంట్లో నామినీగా ఆవిడ పేరే ఉంది. అది మార్చుకున్నాకే బల్ల వేశాను.